వేసవియు మన ఇండ్లును

(పాఠశాల తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము ఈ సభలో మేము పరీక్షాఫలితములను గూర్చియు, పిల్లల హాజరును గూర్చియు, ఇంటిలో తెలుగు చదివింపవలసిన అవసరమును గూర్చియు మాటాడుట మీ రెఱిగినదే. ఈయేడు వేరొక విషయము నెత్తికొంటిమి. కారణమేమన, కొన్నియేండ్లుగా మీలో అనేకులు బడికి వచ్చినపుడు మమ్మడుగుచున్న మాట ఒక్కటే: "అయ్యవారూ, పాత వీధిలో ఇల్లు అమ్మేసి ఊరిబయట ప్లాటు కొందామా? లేకుంటే పిల్లల్ని తీసుకొని మదరాసుకే పోదామా?"

ఇల్లు కొనుటను గూర్చి బడిపంతులు నడుగుట యేమని మొదట నవ్వుకొంటిమి. తరువాత విచారింపగా, ఇల్లు మారిన పిల్లవాడు బడి మారును, బడి మారిన పిల్లవాడు కొంతకాలమునకు భాషయు మారును అని తోచినది. కావున ఈ ప్రశ్న మాకును సంబంధించినదే.

ప్లాటు కొనువారు ధరను విచారింతురు, దస్తావేజులు చూపించుకొందురు, నీటివసతి, బస్సువసతి కనుగొందురు. విచారింపనిది ఒక్కటే. ఏప్రిల్, మే నెలలలో ఆ చోట మనుష్యులు పగలెట్లు గడపుదురు, రాత్రి యెట్లు నిద్రింతురు? సాధారణముగ మనము సంక్రాంతి దాటిన పిదప చల్లని ఉదయవేళ ప్లాటు చూడబోవుదుము. అపుడు ఏ చోటైనను బాగుగనే యుండును.

ఈ తప్పు మేమును చేసితిమి. ఇరువదియేండ్ల క్రిందట పాత పెంకుటింటి భాగమును దాయాదులకు వదలి, ఊరివెలుపల చెట్టులేని చోట కాంక్రీటు కప్పుతో ఇల్లు కట్టితిమి. స్థలము చదునుగా నుండవలెనని అందున్న రెండు వేపచెట్లను మేమే కొట్టించితిమి. ఆ వేసవిలో మా తల్లిగారు మూడు రాత్రులు నిద్రలేక, నాలుగవనాడు చాప చుట్టుకొని, "నేను పాతింటి అరుగుమీద పండుకుంటా, మీ మేడ మీరే కాపురముండండి నాయనా" అని వెడలిపోయిరి. ఆమె చదువుకొన్నవారు కారు. సైన్సు పాఠము చెప్పు మాకు తెలియని సంగతి ఆమెకు తెలిసియుండెను. పగలంతయు ఎండను త్రాగిన కాంక్రీటు కప్పు ఆ వేడిని అర్ధరాత్రి దాటువరకు గదిలోనికి విడుచుచుండునని మేము తరువాత గ్రహించితిమి.

వేడి యనునది ఒకటి, ఉక్క యనునది మఱియొకటి. ఈ భేదమును పిల్లలకు చూపుటకు మా బడిలో ఒక చిన్న ప్రయోగము చేయింతుము. రెండు ఉష్ణమాపకములను ప్రక్కప్రక్కన వ్రేలాడగట్టి, ఒకదాని అడుగున తడిగుడ్డ చుట్టుదుము. గాలి పొడిగా నున్నపుడు గుడ్డలోని నీరు త్వరగా ఆవిరియై, ఆ ఉష్ణమాపకము చాల తక్కువ చూపును. గాలిలో తేమ నిండియున్నపుడు నీరు ఆవిరి కానేరదు; అపుడు రెండును దగ్గరదగ్గరగా నుండును. మన శరీరమే ఆ తడిగుడ్డ. చెమట పట్టుటవలన చల్లదనము రాదు, చెమట ఆరుటవలననే వచ్చును. ఒక గ్రాము చెమట ఆరునపుడు సుమారు 580 కెలోరీల వేడిని గొనిపోవును. ఊరక కూర్చుండిన మనిషి శరీరమున గంటకు పుట్టు వేడి యంతయు పోవుటకు సుమారు 150 గ్రాముల చెమట ఆరిన చాలును. ఆరకున్నచో ఎంత చెమట కారినను ప్రయోజనము లేదు.

గాలి 40 డిగ్రీల వేడితో నుండి, అందు తేమ నూటికి 20 పాళ్లుండినచో, తడిగుడ్డ ఉష్ణమాపకము సుమారు 23 డిగ్రీలు చూపును. గాలి 34 డిగ్రీలే యుండి, తేమ నూటికి 75 పాళ్లుండినచో, అదే ఉష్ణమాపకము 30 డిగ్రీలు చూపును. వార్తలలో మొదటిది పెద్ద యెండగా కనబడును. శరీరమునకు రెండవదే ఎక్కువ కష్టము. తడి ఉష్ణమాపకము 35 డిగ్రీలు చూపు స్థితి కొన్నిగంటలు నిలిచినచో ఆరోగ్యవంతుడు నీడలో నున్నను తాళజాలడని 2010 లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. 2022 లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమువారు ఆరోగ్యవంతులైన యువజనులను పరీక్షించి, ఉక్కగాలిలో సుమారు 31 డిగ్రీలకే శరీరము తన వేడిని అదుపులో నుంచుకొనలేకపోవుచున్నదని కనుగొనిరి. ముసలివారికిని, పసిపిల్లలకును ఆ హద్దు ఇంకను తక్కువగ నుండును. కావున ఒక ఊరిని గూర్చి "అక్కడ ఎండ యెంత?" అని మాత్రమే అడిగిన చాలదు, "అక్కడ చెమట ఆరునా?" అని కూడ అడుగవలెను.

ఇక మన ఊరి సంగతి. "రోహిణికార్తెలో రోళ్లు పగులును" అని మనవారు చెప్పుకొనుట కలదు. ఆ సామెత కృష్ణా గోదావరీ తీరములకు సరిపోవును. మన రాజపాళయము భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు తొమ్మిదిన్నర డిగ్రీలలో నున్నది. సూర్యుడు మనకు నడినెత్తికి వచ్చునది ఏప్రిల్ నడుమను, మరల ఆగస్టు చివరను. విజయవాడకు వచ్చునది మే మొదటివారమున. రోహిణికార్తె మే చివర ప్రవేశించునప్పటికి కేరళమున నైరుతి ఋతుపవనము ఆరంభమగు దినములు సమీపించును. అచట వానలు కురిసి, ఆ గాలి పడమటి కొండలను దాటి మన వైపు దిగును. కుర్తాళమున సారలు పడుట ఆ దినములలోనే గదా. వాన యంతయు కొండకు ఆవలనే కురిసిపోవుటచే మనకు చేరునది చాలవరకు ఆరిన గాలి. వాన తక్కువని మనము దుఃఖింతుము గాని, చెమట నార్చునది ఆ గాలియే. మరల ఐప్పసి, కార్తిక మాసములలో తూర్పుసముద్రమునుండి తేమగాలి వచ్చి మనకు వాననిచ్చును. అనగా మనకు కష్టకాలము మార్చి నడుమనుండి మే చివరవరకు. రోళ్లు పగులు కార్తె ఇచట రోహిణి కాదు, అంతకు ముందుదే.

పంచాంగమున కర్తరి యనునది కలదు. తమిళులు దానినే కత్తిరి యనియు, అగ్నినక్షత్ర మనియు అందురు. మే 4 ప్రాంతమున మొదలై 28 ప్రాంతమున ముగియును. ఆ దినములలో ఇల్లు కట్టుట ఆరంభింపరాదని మన పెద్దలు నియమించిరి. కారణము వారు వ్రాసి పెట్టలేదు. అయినను కూలివాడు ఎండలో పడిపోకుండుటకును, నీరు కఱవైన కాలమున గోడలు సరిగా తడియక చెడిపోకుండుటకును ఈ నియమము మేలు చేసినదనుటలో సందేహము లేదు. మేము దీనికి ఒక్కమాట చేర్చుచున్నాము: కర్తరిలో ఇల్లు కట్టవద్దు, కాని ఇంటిచోటు చూచుట మాత్రము కర్తరిలోనే చేయుడు.

మన పూర్వులు విజయనగర ప్రభువుల కాలమునను, మధుర నాయకరాజుల కాలమునను తెలుగుసీమ వదలి దక్షిణమునకు వచ్చినవారు. వారు చోటు నిర్ణయించుకొనునపుడు ఎంత విచారించిరో మన పాతవీధులే చెప్పుచున్నవి. పడమట కొండ, కొండనుండి వచ్చు నీరు, క్రింద చెఱువు, తూర్పున నల్లరేగడి చేలు. ఇళ్లు గోడకు గోడ చేర్చి కట్టిరి. అందువలన ప్రక్కగోడలకు ఎండ తగులదు. ముందు అరుగు, దానిపై వాలుకప్పు, నడుమ మండువా, వెనుక పెరడు, బావి, వేపచెట్టు. మండువాలో వేడిగాలి పైకి పోవును, వీధినుండి గాలి లోనికి వచ్చును. సున్నపు గోడలు మందముగా నుండుటచే పగటివేడి లోపలికి చేరుసరికి సాయంకాలమగును. ఇడైసెవల్‌లో తెలుగు కుటుంబమున పుట్టి తమిళమున ప్రసిద్ధ రచయితయైన కి. రాజనారాయణన్ 1976 లో ప్రకటించిన 'గోపల్ల గ్రామము' అను నవలలో, ఇట్లే దక్షిణమునకు వచ్చిన తెలుగువారు అడవిని బాగుచేసికొని ఊరు కట్టుకొన్న కథ కలదు. ఊరు కట్టుట యనగా ఇళ్లు లేపుట మాత్రమే కాదనియు, నీటిని, నీడను, నేలను తెలిసికొనుట యనియు ఆ కథ చదివినవారికి బోధపడును.

అట్లని పాత ఇళ్లన్నియు స్వర్గములని మేము చెప్పము. వానిలో వెలుతురు తక్కువ. పంపకములై ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క గదియే మిగిలినది. మండువాను కప్పివేసి మరియొక గది చేసికొన్నవారు కలరు. అటువంటి ఇంట ఉక్క బయటికంటె హెచ్చు. వంట ఆవిరి, లోపల ఆరవేసిన బట్టలు, ఒకే గదిలో ఆరుగురి ఊపిరి — ఇవన్నియు తేమను పెంచునవే. కావున వెలుపలికి పోవుట తప్పనివారు పోవలసినదే. పోవునపుడు తెలిసి పోవలెను.

అట్టివారికి మేము తెలిసికొన్న కొన్ని సంగతులు చెప్పుదుము.

మొదటిది: ప్లాటును మే నెలలో రెండుసార్లు చూడుడు. పగలు మూడు గంటలకు ఒకసారి, రాత్రి పదిగంటలకు ఒకసారి. పగలు చూచిన వేడి సూర్యునిది. రాత్రి చూచు వేడి ఆ చోటిది. చుట్టును చెట్లును, తోటలును ఉన్నచోట రాత్రికి నేల చల్లబడును. చుట్టును కాంక్రీటును, తారురోడ్డును ఉన్నచోట చల్లబడదు. ప్రక్క ఇంటివారిని, "రాత్రి నిద్ర ఎట్లా పట్టుతుందమ్మా?" అని ఒక్కమాట అడిగిన, దళారి చెప్పని సత్యము తెలియును.

రెండవది: ఇంటికి ఎక్కువ ఎండ తగులునది కప్పునకు. తరువాత తూర్పు పడమటి గోడలకు. ఏప్రిల్ నడుమనుండి ఆగస్టు చివరవరకు మధ్యాహ్నసూర్యుడు మనకు ఉత్తరపు వైపున నుండును గనుక, ఉత్తరపు కిటికీకిని చూరు అవసరమే. పొడవైన గోడలు ఉత్తర దక్షిణములను చూచునట్లును, పొట్టిగోడలు తూర్పు పడమరలను చూచునట్లును ఇల్లు వేసికొన్నచో సగము బాధ తీరును. పడమటిగోడకు వసారాయో, చెట్టో అడ్డముండవలెను.

మూడవది: కప్పును తెల్లగా నుంచుడు. సున్నము పూయుట ఖర్చుతో గూడినది కాదు. తెలుపు ఎండను త్రిప్పి పంపును, నలుపు త్రాగును. ఇది ముసలమ్మలకు తెలిసిన సంగతియే. 2023 లో తెలంగాణ ప్రభుత్వము చల్లనికప్పులను గూర్చి ప్రత్యేకవిధానమునే ప్రకటించినది. సున్నము సాధ్యము కానిచో కప్పుమీద తాటాకు పందిరియైనను వేయుడు.

నాలుగవది: ఎదురెదురు కిటికీలు లేని గదిలో పిల్లలను పండుకొనబెట్టవద్దు. గాలికి వచ్చు దారి యున్న చాలదు, పోవు దారియు కావలెను. ఆగ్నేయమున వంటయిల్లు ఉంచు ఆచారము మన గాలికి సరిపోవును. పడమటిగాలి వీచునపుడు ఆవిరియు, పొగయు ఇంటిలోనికి రాక వెలుపలికే పోవును.

ఐదవది: యంత్రములను తెలిసి కొనుడు. నీటితో నడచు కూలరు పొడిగాలిలో మేలు చేయును. ఉక్కగాలిలో ఉక్కనే పెంచును. ఏసీ యంత్రము గాలిలోని తేమను తీసివేయును. దాని గొట్టమునుండి కారు నీరు ఆ తేమయే. కాని అది లోని వేడిని వీధిలోనికి నెట్టును. ఇరుకువీధిలో పది ఇళ్లకు ఏసీ ఉన్నచో, పదునొకండవ ఇంటి పేదవాని గతి యేమో ఆలోచింపుడు.

ఆఱవది, అన్నిటికంటె చౌకయైనది: పునాది తీయుటకు ముందే ఒక వేపమొక్కయో, కానుగమొక్కయో నాటుడు. ఇల్లు ముగియుసరికి అది మనిషియెత్తు లేచును. మేము కొట్టించిన రెండు చెట్లకు బదులు నాలుగు నాటితిమి. ఇప్పుడవి మా ఇంటి పడమటిగోడకు నీడనిచ్చుచున్నవి. ఆ నీడలో కూర్చుండుటకు మా తల్లిగారు లేరు.

ఇక దూరప్రదేశములకు పోవువారిని గూర్చి. మదరాసున సముద్రపుగాలి మధ్యాహ్నము వచ్చినచో ప్రాణము లేచివచ్చును. పడమటిగాలి బలముగా నుండి సముద్రపుగాలి ఆలస్యమైన దినమున నగరము కాగిపోవును. 2003 మే చివర అచట 45 డిగ్రీలు నమోదైనది. రాత్రివేళ తేమ విడువదు. విజయవాడను వేసవిలో బ్లేజువాడ యని వేడుకగా పిలుచుట వినియుందురు. కొండరాళ్ల వేడియు, కృష్ణానదీతీరపు తేమయు అచట కలిసియుండును. గల్ఫుదేశములలో పనిచేయు మనవారు 45 డిగ్రీల వేడితోపాటు సముద్రపు తేమనుగూడ భరింతురు. అందుచేతనే ఐక్య అరబ్ ఎమిరేట్లలో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పన్నెండున్నర మొదలు మూడుగంటల వరకు బయట ఎండలో పని చేయింపరాదను నియమ మున్నది. మలేషియాలోని పల్లెవాసులు సంవత్సరమంతయు ఉక్కలోనే యుండుటచే, ఇంటిని స్తంభములపై లేపి, క్రిందనుండియు గాలి తగులునట్లు కట్టుకొనిరి. ప్రతి దేశమువారును తమ గాలిని చూచి తమ ఇల్లు కట్టుకొన్నారు. ఒకచోటి ఇంటిని మరియొకచోట నకలు దింపుట మాత్రమే తప్పు.

ఇది సౌకర్యమును గూర్చిన మాట యని తేలికగా తలంపవద్దు. 2015 మే నెలలో వడగాడ్పులచే దేశమున 2,000 మందికి పైగా మరణించిరి. వారిలో మిక్కిలి యెక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారు. మన తమిళనాడు ప్రభుత్వము 2024 లో వడగాడ్పును రాష్ట్రవిపత్తుగా ప్రకటించినది. మైదానములలో 40 డిగ్రీలు, సముద్రతీరమున 37 డిగ్రీలు చేరిన పిమ్మటనే వడగాడ్పును గూర్చి వాతావరణశాఖవారు ఆలోచింతురు.  ఎండలో నుండి వచ్చిన పిల్లవాడు తడబడుచు మాటాడినను, ఒడలు కాలుచున్నను ఆలస్యము చేయక నీడకు చేర్చి, ఒడలెల్ల తడిపి, విసరుచు, ఆసుపత్రికి కొనిపోవలెను. స్పృహ సరిగా లేనివానికి నోట నీరు పోయరాదు.

మేము కడపట చెప్పదలచినది ఇది. పాతవీధి అరుగుమీద చల్లగాలితోపాటు మరియొకటి కూడ దొరకుచుండెను. సాయంకాలము అవ్వ అక్కడ కూర్చుండి మాటాడెడిది, పిల్లలు వినెడివారు. ఉక్క, వడ, చూరు, వసారా, మండువా, పెరడు — ఈ మాటలు పుస్తకమునుండి నేర్చినవారు కారు మనవారు. ఆ ఇంటిలో తిరిగి నేర్చిరి. తలుపులు మూసి ఏసీ వేసికొన్న గదిలో పిల్లవానికి చల్లదనము దొరకును గాని మాట దొరకదు. మొన్న అయిదవతరగతిలో 'అరుగు' అను మాటకు అర్థమడుగగా ముగ్గురు మాత్రమే చేతులెత్తిరి. ఆ ముగ్గురును పాతవీధుల పిల్లలే. తక్కినవారిని మేము తప్పుపట్టలేదు. చూడనిదానిని ఎట్లు చెప్పగలరు?

కావున క్రొత్త ఇల్లు కట్టువారు ముందు ఒక చిన్న అరుగైనను వేయుడని వేడుచున్నాము. అది గోడకు నీడ, బాటసారికి కూర్చుండు చోటు, ఇంటిభాషకు బడి. ఉద్యోగమునకై దూరము పోవువారిని ఆపుటకు మాకు హక్కు లేదు, బ్రతుకుతెరువు పెద్దది. వారు వేసవి సెలవులలో పిల్లలను ఇచటికి పంపినచో మేము సంతోషింతుము. ఆ నెల ఎండది యని వెనుదీయవద్దు. మన పెరటి వేపచెట్టు ఇంకను ఉన్నది.

మన ఊరివారు, 1949 మొదలు 1952 వరకు మద్రాసు రాష్ట్రప్రభుత్వమునకు నాయకత్వము వహించిన శ్రీ పి. ఎస్. కుమారస్వామి రాజాగారు తమ ఇంటినే గాంధీ కళామన్రమునకు ఇచ్చివేసిరి. అంతటి త్యాగము అందఱికి సాధ్యము కాదు. వీధివైపు ఒక చెట్టు నాటుట అందఱికిని సాధ్యమే. బడికి నడచివచ్చు పిల్లలకు ఆ నీడ చాలును.

రాబోవు వర్షాకాలమున మొక్కలు బడిలో ఉచితముగా ఇచ్చుటకు సంఘమువారు అంగీకరించినారు. ప్రతి ఇంటివారును ఒక్కటి తీసికొనిపోవలెనని కోరుచున్నాము.